డ్రిల్లు పంతులు, చరిత్ర పంతులు

నర్సీపట్నములో తెల్లవారుజామున లేచి వీథిలోనికి వచ్చువారికి ఒక దృశ్యము కనబడును. మంచు విడకముందే పదునెనిమిదేండ్లు మొదలు ఇరువదినాలుగేండ్ల వఱకు గల పిల్లవాండ్రు గుంపులు గుంపులుగా రోడ్డు ప్రక్కను పరుగెత్తుచుందురు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు గాని సైన్యములో చేరుటకు గాని దేహదార్ఢ్య పరీక్ష కలదు గదా. దానికొఱకు ఈ పరుగు. పరీక్షాదినము దగ్గఱపడినకొలది గుంపు పెరుగును. ఫలితములు వెలువడిన మఱునాడు రోడ్డు ఖాళీ యగును. ఎన్నికైనవాడు ఉద్యోగము వచ్చినదని పరుగు మానును. ఎన్నిక కానివాడు ఉద్యోగము రాలేదని మానును.

కడచిన వేసవిలో మా పూర్వశిష్యుడొకడు ఇట్లే రెండవమారు ఎన్నిక కాక, మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండెను. మేము ఏవో ఓదార్పుమాటలు చెప్పబోగా వాడు మమ్ము ఆపి, "ఉద్యోగం రాలేదని కాదండీ మాస్టారూ నా బాధ. రెండేళ్ళు నాలుగింటికి లేచి పరుగెత్తాను. రేపు దేనికి లేవాలో తెలియడం లేదు" అనెను.

మేము చరిత్రయు ఇంగ్లీషును చెప్పుకొని బ్రతుకువారము. ఇట్టి ప్రశ్నకు వేదాంతులు చెప్పదగిన సమాధానము మాయొద్ద లేదు. గీతలోని స్వధర్మమను మాట నాలుకమీదికి వచ్చినది గాని, తన స్వధర్మమేదో తెలిసియుండినచో ఆ పిల్లవాడు మా యరుగుమీదికి వచ్చియే యుండడు. కావున చరిత్ర చెప్పువాడు చేయగల పనినే చేసితిమి. ఈ మూలనే, ఈ తూర్పుకనుమల క్రిందనే, ఇదే ప్రశ్న నెదుర్కొన్నవారు ఎవరెవరుండిరి, వారేమి చేసిరి అని వెదకితిమి.

మా ప్రాంతమువారికి మొదట స్ఫురించు పేరు అల్లూరి సీతారామరాజుదే. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుస్టేషనుపై బడిన వీరునిగా ఆయనను అందఱును ఎఱుగుదురు. అంతకు ముందటి సంవత్సరములను గూర్చి అడుగువారు తక్కువ. తండ్రి చిన్ననాడే పోయెను. పిల్లవాడు ఊరూరి పాఠశాలలు మార్చెను. ఏ చదువును కడముట్టలేదు. గుఱ్ఱపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము, యోగాభ్యాసము, ఉత్తరదేశ యాత్ర, వీనిలో నేదియు కొలువునకు దారి కాదు. నేటి తలిదండ్రులు చూచినచో కొడుకు చెడిపోయినాడని నిశ్చయించుకొని యుందురు. 1917లో కృష్ణదేవిపేటకు వచ్చిన యా యువసన్యాసి మొదట చేసినది తిరుగుబాటు కాదు. అడిగినవారికి మందిచ్చెను, ముహూర్తములు చెప్పెను, మన్యపు జనులచేత త్రాగుడు మానిపింప జూచెను, తగవులను కచేరీలకు తీసికొనిపోక పంచాయతులలో తీర్చుకొమ్మనెను. అట్లు వారినడుమ మెలగుచుండగా, అడవిచట్టములు పోడు వ్యవసాయమునకు పెట్టిన అడ్డును, గూడెము రోడ్డుపనిలో సరిగా కూలి యీయక మన్యపువారిచేత చేయించిన చాకిరిని కన్నులార చూచెను. చేయవలసిన పని ఆయనకు అక్కడనే ఎదురుపడినది. 1924 మే 7వ తేదీన ఆ పనితోనే ప్రాణమును పోయినది.

ఐనను సీతారామరాజును మా పిల్లవాండ్రకు ఉదాహరణముగా చూపుటకు మాకు కొంత సంకోచము కలదు. ఇరువదియాఱేండ్లకు ప్రాణమర్పించిన వాని కథ విన్నవాడు నమస్కరించి వెళ్ళిపోవును గాని తన బ్రతుకును దానితో పోల్చుకొనడు. పోల్చుకొనదగినవారు మాకు మఱి యిద్దఱు దొరికిరి. ఇద్దఱును మా వృత్తివారే. ఒకరు డ్రిల్లు పంతులు. రెండవవారు చరిత్ర పంతులు.

కోడి రామమూర్తినాయుడుగారు 1880 దాటిన తొలియేండ్లలో వీరఘట్టములో జన్మించిరి. ఆ యూరు నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది; నేడు పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. తల్లి లేని పిల్లవాడు విజయనగరములో పినతండ్రియింట పెరిగెను. పుస్తకముమీద నిలువని మనస్సు వ్యాయామశాలలో నిలిచినది. బస్కీలు, దండెములు, కుస్తీ, ఇవియే లోకమైనవి. ఇట్టి పిల్లవానిని ఏమిచేయవలెనో తెలియక కొట్టి బడికి తోలు ఇండ్లు నాడును కలవు, నేడును కలవు. ఈ పినతండ్రి అట్లు చేయలేదు. పిల్లవానిని మదరాసు పంపి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ మిప్పించెను. రామమూర్తిగారు తిరిగివచ్చి విజయనగరములో వ్యాయామోపాధ్యాయులైరి.

రామమూర్తిగారిని గూర్చి వ్రాయువారందఱు ఏనుగును, ఇనుపగొలుసులను వర్ణించి, ఈ పినతండ్రిని ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. మాకు ఆయనయే ఈ కథలో మొదటి సంస్కర్తగా కనబడుచున్నాడు. చదువురాని పిల్లవానికి రానిదేదో అందఱును చూతురు. వచ్చినదేదో చూచి, దానికి ఒక సంవత్సరపు కాలమును కొంత ధనమును వెచ్చించినవాడు ఆయన. డ్రిల్లు పంతులునకు నాటి పాఠశాలలో గౌరవమెంతయో ఊహింపవచ్చును. నేటి స్టాఫురూములో ఎంతయో మేము చూచుచునే యున్నాము.

ఆ కాలపు దేశస్థితి నొకింత తలపునకు తెచ్చుకొనవలెను. భారతీయులు, విశేషించి చదువుకొన్న భారతీయులు, దుర్బలులను మాట దొరలనోట తఱచుగా వినబడుచుండెను. వినివిని మనవారును దానిని నమ్మసాగిరి. జర్మనీలో పుట్టి ఇంగ్లాండులో ప్రసిద్ధికెక్కిన యూజెన్ శాండో 1904, 1905 సంవత్సరములలో ఈ దేశమునకు వచ్చి తన కండలను ప్రదర్శించెను. 1905లో వంగవిభజనము జరుగగా ఆ దేశపు యువకులు వ్యాయామశాలలు పెట్టుకొని కఱ్ఱసాము నేర్వసాగిరి. సర్కసు అంతకు ముందే మనదైయుండెను. విష్ణుపంత్ ఛత్రే అను మహారాష్ట్రుడు 1880లో బొంబాయిలో మొదటి భారతీయ సర్కసును ఆడించెను. ఇట్టి సమయమున విజయనగరపు డ్రిల్లు పంతులు పాఠశాల విడిచి సర్కసు పెట్టుటకు బయలుదేరెను.

నెలజీతమును విడిచి డేరాలవెంట పోవుట పెద్దమనుష్యుల దృష్టిలో పతనమే. కాని ఆ పంతులు చేతిలో ఏమియు లేక దూకలేదు. ఏండ్లతరబడి తానొక్కడే సాధన చేసియుండెను. ప్రాణాయామముచేత ఊపిరిని బిగబట్టుట నేర్చియుండెను. సాధన ముందుండినది, సర్కసు తరువాత వచ్చినది. పిల్లవాండ్రకు మేము నొక్కిచెప్పునది ఈ వరుసనే.

ఆయన ప్రదర్శనములలో రెండు జగద్విదితములు. ఱొమ్మునకు ఇనుపగొలుసు బిగించి, ఊపిరి నిండుగ తీసి, దానిని తెంచుట మొదటిది. వెల్లకిల పరుండి, ఱొమ్మున పలకపెట్టించుకొని, దానిమీదుగా ఏనుగును నడిపించుట రెండవది. మా తరగతిలో ఈ మాట చెప్పినపుడు ఒక తుంటరి, "ఏనుగు మూడు టన్నులుంటుంది గదండీ, నుజ్జు కాడా?" అని అడిగెను. మంచి ప్రశ్నయే. పలక కొనలు నేలకానియున్నచో భారములో కొంత నేలమీదికి పోవును. మిగిలినది ఒక్కచోట గ్రుచ్చుకొనక ఱొమ్మంతట పఱచుకొనును. ఊపిరితో బిగిసిన ఱొమ్ము గాలి నింపిన టైరువలె ఎదురు నిలుచును. ఇంతమాత్రముచేత అది గారడి కాదు. ఆ మిగిలిన భారము మనలో నెవ్వరి ప్రక్కటెముకలైనను విఱుచుటకు చాలును.

దేశమంతట ఆయనకు 'ప్రొఫెసర్ రామమూర్తి' యని పేరు వచ్చెను. కలియుగ భీముడనిరి, ఇండియన్ హెర్క్యులీస్ అనిరి. డ్రిల్లు పంతులునకు ప్రొఫెసరు బిరుదమును సర్కసు డేరా యిచ్చుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. కలకత్తాలో ఆయన ఆట చూచిన భవేంద్రమోహన సాహా యను కుఱ్ఱవాడు ఇల్లువిడిచి ఆ సర్కసులో చేరి, పిమ్మట భీమభవాని యను పేర తానును ఏనుగును ఱొమ్మున మోసెను. బలము ఒకరినుండి యొకరికి అంటుకొనునది. దుర్బలత్వమును అంతే గాబోలు.

ఈ కథ చివరను మేము కప్పిపుచ్చము. ఆర్జించిన ధనము నిలువలేదు. కాలికి వచ్చిన వ్యాధిచేత కాలు తీసివేయవలసివచ్చెను. కడపటి దినములను ఒరిస్సాలోని పాట్నా సంస్థానమున, బలాంగీరులో గడపి, 1942లో అక్కడనే కన్నుమూసిరి. దేహముచేత పేరు గడించినవానిని దేహమే మోసపుచ్చినదని కొందఱు వేదాంతము చెప్పుదురు. మాకు అట్లు తోచదు. దేహము ఎవరిని తుదివఱకు మోసినది? నలుబదియేండ్లు కుర్చీలో కూర్చున్నవానినైన మోయునా? శ్రీకాకుళములోని క్రీడారంగమునకు నేడు కోడి రామమూర్తి పేరు గలదు.

ఇక చరిత్ర పంతులు. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి పోయెను. విజయనగరములో గురజాడ అప్పారావుగారితో కలసి చదివి, మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. చదువు సాగించుటకు ఇంటి స్థితి ఒప్పలేదు. పదునేడేండ్ల పంతులు, దూరపు జమీందారీ పట్టణము, చిన్న జీతము. అక్కడనే ఆ బ్రతుకు తుప్పుపట్టుటకు కావలసిన పరికరములన్నియు సిద్ధముగా నుండినవి.

తుప్పుపట్టలేదు. చరిత్ర చెప్పవలసివచ్చెను గనుక, ఎదుటనున్న చరిత్రను చూచిరి. ముఖలింగపు దేవాలయములోని శాసనములను తామే చదువనేర్చి, గాంగుల రాజధానియైన కళింగనగరము ఆ ముఖలింగమే యని వాదించి ప్రకటించిరి. పాఠమునకు పాఠ్యపుస్తకము చాలునని ఊరకుండినచో ఇది జరుగదు. మఱి ఆ పట్టణపు సంతలకు కొండలనుండి సవరలు దిగివచ్చుచుండిరి. అందఱును వారిని చూచిరి. పంతులుగారు వారి మాటను వినిరి. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట పెట్టుకొని, ఏండ్లపాటు కూర్చుండి నేర్చుకొనిరి. వారికి వాచకములు వ్రాసిరి. సొంతఖర్చుతో బడులు పెట్టిరి. ప్రభుత్వమువారు పారితోషికము నీయజూపగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరని చెప్పుదురు.

దీనికి వారు మూల్యము చెల్లించిరి. కొండజ్వరమునకు క్వినైను అధికముగా సేవించుటచేత వినికిడి చెడినది. ఒక భాష నాదములను చెవితో పట్టి కాగితమున పెట్టవలసినవానికి చెవియే పోవుట! ఐనను సవర భాషకు ఆయన రచించిన వ్యాకరణము 1931లో వెలువడెను. పాఠశాలలో చేరిన యేబది యొక్క సంవత్సరములకు!

వాడుకభాషోద్యమమును గూర్చి మేము విస్తరింపము, చదువరు లెఱుగుదురు. ఒక్క సంగతి మాత్రము మా విషయమునకు సంబంధించినది. 1907లో జె. ఏ. యేట్సు దొర ఈ మండలమున పాఠశాలల తనిఖీ చేయుచు, జనులు మాటలాడు తెలుగునకును బడిలో చెప్పు తెలుగునకును ఇంత అంతర మేల యని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల సిద్ధత గిడుగువారి కుండెను. ఏలయన, లిపిలేని సవరభాషను చెవితో విని నేర్చిన ఏండ్లలో, భాష అనగా నోట పలుకునది యని ఆయన గ్రహించియుండిరి. సవరభాషాభ్యాసము తెలుగు నుద్ధరించుటకు ఉద్దేశింపబడినది కాదు. అది తన పని తాను చేసికొనుచు మఱియొక పనికి దారితీసినది. 1911లో ఉద్యోగము విరమించిన పిమ్మట ఆయనకు రెండవ జీవితము ప్రారంభమైనది. 1919లో 'తెలుగు' అను పత్రికను స్థాపించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఏబదియేండ్లు దాటి నివసించిన ఆ యూరును విడిచిపెట్టిరి. 1940 జనవరి 22వ తేదీన మరణించువఱకు వారు వాదించుచునే యుండిరి. ఆయన గెలిచెనని ఎఱిగియు, ఆయన యెదిరించిన భాషలోనే ఆయనను గూర్చి వ్రాయుచున్నాము. చిన్ననాటి గురువులు పెట్టిన అలవాటు, క్షంతవ్యులము.

ఒకరు ఉద్యోగము విడిచిరి. ఒకరు ముప్పదియేండ్లు అదే యుద్యోగములో నుండిరి. ఇందులో ఏది సరియని మమ్ము అడిగినచో, ఉద్యోగమును మార్చుట మార్చకుండుట మీద ఇదంతయు ఆధారపడి యుండలేదని చెప్పుదుము. రామమూర్తినాయుడుగారి సాధనకు పాఠశాల ఆవరణము చాలలేదు, పోయిరి. రామమూర్తి పంతులుగారి సాధనకు పర్లాకిమిడియే గని, నిలిచిరి. నేటి యువకులు ఏడాదికొక కొలువు మార్చుచు, ఎక్కడను మనసు నిలువలేదని వాపోవుచున్నారు. మనసు నిలుచుటకు తెల్లవారుజామున గాని రాత్రి గాని జీతముతో సంబంధములేని ఒక్క గంట యుండవలెను గదా! అది లేనివానికి ఏ కొలువైనను ఒక్కటే.

సంగీతమున ద్వారం వేంకటస్వామినాయుడుగారి కథయు ఇట్టిదే. 1893లో బెంగుళూరున పుట్టి విశాఖపట్టణమున పెరిగిన యీయనకు కంటిచూపు మందము. నల్లబల్లమీది యక్షరములు కనబడక చదువు సాగలేదు. అన్నగారు చేతికి ఫిడేలిచ్చిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల స్థాపింపబడినపుడు, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా నుండగా, విద్యార్థిగా చేరుదమని వచ్చిన ఈయనను ఆచార్యునిగానే తీసికొనిరని చెప్పుదురు. 1936లో ఆయనయే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. బల్ల కనబడని పిల్లవానిని వెనుకబెంచీకి పంపు పంతుళ్ళము మేము. మా నడుమ ఎందఱు అన్నగార్లు గలరో!

ఈ పేర్లన్నియు పురుషులవే యని మా యింటివారు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనది. వ్యాయామశాలయు, డేరాయు, శాసనములును ఇల్లు విడువగలిగినవారికే దొరకినవి. ఇల్లు విడువలేని వారెందఱి సాధన పొయ్యిలో పోయినదో చరిత్ర వ్రాయలేదు. ఐనను ఇదే మండలమునుండి సమాధానము వచ్చుటకు చాలకాలము పట్టినను, వచ్చినది. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతిలో, 110 కిలోలు ఒక విధమునను 130 కిలోలు మఱొక విధమునను ఎత్తి కంచుపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. బరువులెత్తినచో ఆడుతనము పోవునని పలుకు ముత్తైదువలు మా వీథిలో ఇప్పటికిని గలరు. నీళ్ళబిందెలు, గ్యాసు సిలిండర్లు వారును ఎత్తుచునే యున్నారు.

ఇల్లు గడచుటెట్లని అడుగువారికి మాయొద్ద తిరస్కారము లేదు. ఆకలిగొన్నవానితో ఆశయములు పలుకుట పాపము. కాని గిడుగువారి జీతము పెద్దది కాదు. దానితోనే ఇల్లు గడపి, దానిలోనుండియే సవరల బడులకు తీసిరి. పోటీపరీక్షల శిక్షణమునకు ఏండ్లతరబడి వేలకువేలు కట్టు తలిదండ్రులు, పిల్లవాడు తబలా నేర్తుననగా ఖర్చని వెనుదీయుట మేము చూచితిమి. అది దారిద్ర్యము కాదు.

ఇతరులను తప్పుపట్టుచు మమ్ము విడిచిపెట్టుకొనుట ధర్మము కాదు. పాఠశాల కాలపట్టికలో ఆటల గంట ఉండును. పరీక్షలు సమీపించినపుడు దానిని మేము ఇంగ్లీషునకు తీసికొంటిమి. ఒక సంవత్సరము కాదు, పెక్కు సంవత్సరములు. డ్రిల్లు పంతులు గారిని అడుగను లేదు; ఆయన బంతులను అలమరలో పెట్టి తాళము వేసికొని నీడను కూర్చుండెడివారు. ఆడపిల్లలను ఆ గంటలో తరగతిగదిలోనే ఉంచితిమి. మా యరుగుమీద కూర్చుండి ఆ ప్రశ్న వేసిన పిల్లవాడు మా తరగతిలోనివాడే. పరుగు పరీక్షకొఱకే యని వానికి నేర్పినవారిలో మేమును ఒకరము.

వానితో ఆనాడు మేము చెప్పినది స్వల్పము. రేపును నాలుగింటికే లేచి పరుగెత్తుము. ఒక్క నెల, ఎందులకని అడుగకుము అని మాత్రము చెప్పితిమి. వానికి నచ్చలేదు. "సరేనండి" యని లేచిపోయెను. ఇప్పుడు పగలు ఒక సెల్‌ఫోను దుకాణములో పనిచేయుచున్నాడు. ఉదయము రోడ్డుమీద వానివెంట మఱి ఆఱుగురు చిన్నపిల్లలు పరుగెత్తుచున్నారు; అందులో ఇద్దఱు ఆడపిల్లలు. ఇది ఎన్నాళ్ళు సాగునో చెప్పలేము.

ఈ సంవత్సరము మా తరగతిలో శుక్రవారపు కడపటి గంటను తిరిగి ఆటలకిచ్చితిమి. బంతులలో రెండింటికి గాలి నిలుచుట లేదు. తమ గంటను కూడ వదలుకొనుటకు లెక్కల మాస్టారు ఇంకను ఒప్పుకొనలేదు.